కాళ్లు కడిగే నీళ్లు

ఎండలు ముదిరాయి. మామిడికాయ తొక్కు పెట్టే రోజులు. కరీంనగర్‌లో తన ఇంటి వరండాలో నవనీత గోనెసంచి పరుచుకొని కాయలు కొడుతోంది. టెంక పగిలినప్పుడల్లా జీడి తీసి పక్కకు వేస్తోంది. అప్పుడు ఆమె ఆడబిడ్డ ప్రమోదిని ఆటో దిగి, పెద్ద సంచి పట్టుకొని లోపలికి వచ్చింది.

"వదినె, చెయ్యి కడుక్కో. నీకు బొట్టు పెట్టాలె."

నవనీత చేతిలో కత్తి అట్లాగే ఆగిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో ప్రమోదిని ఆమెకు బొట్టు పెట్టి ఏ శుభకార్యానికీ పిలవలేదు.

నవనీతకు పిల్లలు కలగలేదు. ఆమె చేసిన నేరం అదొక్కటే. పెండ్లి ఇళ్లలో పసుపు దంచే రోలు దగ్గరికి పోతే, "నువ్వు వంటల కాడ చూసుకో వదినె, నీ అంత మంచిగ ఎవరు చూస్తరు" అని తియ్యగా పక్కకు జరిపేవారు. పెండ్లయిన ఆడపిల్ల కొంగులో పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యాన్ని దోసిళ్లతో పోస్తారు కదా, ఆ ఒడిబియ్యం పోసే వరసలో నవనీతకు చోటుండేది కాదు. ప్రమోదిని కొడుకు విద్యాధర్ చిన్నప్పుడు సగం రోజులు ఈ అత్త చేతి అన్నమే తిన్నాడు. వాడి పుట్టువెంట్రుకలు వేములవాడ రాజన్న దగ్గర తీసిన రోజు మాత్రం ఆమెను సత్రంలో సామాన్లకు కాపలా పెట్టారు.

అట్లాంటి నవనీత నుదుటికి ఇయ్యాల ప్రమోదిని కుంకుమ పెట్టింది. సంచిలోంచి పట్టుచీర తీసి ఒడిలో పెట్టింది.

"విద్యాధర్ పెండ్లిల నువ్వు పీటల మీద కూసోవాలె వదినె."

"మేనమామ పెండ్లాన్ని, నేను పీటల మీదెందుకు?"

"పిల్ల తల్లివై కూసోవాలె."

విద్యాధర్ పూణెలో ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాడు. అదే కంపెనీలో పనిచేసే స్తుతి అనే అమ్మాయిని ఇష్టపడ్డాడు. స్తుతి వాళ్లది చెన్నూరు. మిషన్ చర్చికి పోయే క్రైస్తవ కుటుంబం. తండ్రి అబ్రహాం కౌలుకు మిరపతోట వేస్తాడు. తల్లి బుచ్చవ్వ ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. ఈ సంగతి తెలిసిన నాడు ప్రమోదిని అన్నం మానేసి పడుకుంది. మీరు వద్దంటే పూణెలోనే రిజిస్టర్ చేసుకుంటామని కొడుకు తెగేసి చెప్పాక లేచి కూర్చొని ఆలోచన చేసింది. ఆ ఆలోచనే ఇప్పుడు పట్టుచీర రూపంలో వచ్చింది.

"పెండ్లి ముందురోజు మా ఇంట్ల చిన్న తంతు. అన్న, నువ్వు కలిసి పిల్లను దత్తత తీసుకుంటరు. అన్న బిడ్డ అయితె ఏమైతది? విద్యకు మేనరికం అయితది! మేనమామ బిడ్డను చేసుకున్నడంటె మా పాలోల్లల్ల, దాయాదులల్ల ఎవడు నోరెత్తుతడు? అబద్ధం గూడ గాదాయె, అయ్యగారు మంత్రం చదివి చేసినదేనాయె."

"మరి పిల్లను కన్న అవ్వ, బాపు?"

"వస్తరు. కుర్చీలల్ల కూసుంటరు, మంచిగ తింటరు. నేనేమన్న రాక్షసినా?" ప్రమోదిని గొంతు తగ్గించింది. "మతం అంటె ఎట్లనో సర్దుకుంటం వదినె. కానీ వాళ్లెవరో నీకు తెల్వదా? పిల్ల అవ్వ చేతి నీళ్లు మా విద్య కాళ్ల మీద పడుతుంటె చుట్టాలు చూసుకుంట కూసుంటరా?"

చదువుతున్న అక్కలారా, అన్నలారా, జర ఆలోచించండి. మతం అని పైకి చెప్పిన మాట కింద ఏం దాచారో చూశారా? కులం. అన్నం పెట్టే చేతిని, మిరపకాయ ఏరే చేతిని, ఆ చేతి మీదుగా పారే నీళ్లను కూడా వదలని కులం.

నవనీత అది చూడలేదా? చూసింది. కానీ ఆమె దేవత కాదు, మనలాంటి మనిషి. పిల్లతల్లివై కూర్చో అన్న మాట దగ్గరే ఆమె చెవులు ఆగిపోయాయి.

అంతలో ప్రమోదిని ఫోన్‌కు పూణె నుంచి వీడియో కాల్ వచ్చింది. స్తుతి నవ్వుతూ చీర అంచు ఫోన్ దగ్గరికి పెట్టి చూపింది. "అత్తమ్మా, గీ రంగు మంచిగున్నదా? మాకు ముందురోజు దాక సెలవు దొరుకుత లేదు. అక్కడియన్నీ మీరే చూసుకోవాలె."

"నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా. అన్నీ మేమే చూసుకుంటం," అంది ప్రమోదిని.

పిల్లలు దూరాన ఉద్యోగాల్లో ఉండి, పెండ్లి పనంతా పెద్దల చేతిలో పెట్టి, 'మీరే చూసుకోండి' అంటారు. ఆ ఒక్క మాట సందులో ఎన్ని జరుగుతాయో వాళ్లకు తెలియదు.

పోతూ పోతూ ప్రమోదిని అడిగింది. "పిల్ల పేరు గూడ మార్చాలె. మంత్రంల గా పేరు చదివితె బాగుండది. తల్లివి నువ్వే, నువ్వే పెట్టు."

నవనీత వెంటనే చెప్పింది, "రచన." కాపురానికి వచ్చిన కొత్తలో, పుట్టబోయే బిడ్డ కోసం దాచిపెట్టుకున్న పేరు అది. ఇన్నేళ్లు ఎవరినీ ఆ పేరుతో పిలవలేదు. ఆ పూట తొక్కులో ఉప్పు రెండుసార్లు వేసింది.

వారం తర్వాత నవనీత చెన్నూరు పోవాల్సి వచ్చింది. పెండ్లిపిల్ల పూణెలో ఉంది, జాకెట్లు కుట్టే దర్జీ కరీంనగర్‌లో ఉన్నాడు. కొలత జాకెట్టు చెన్నూరు ఇంట్లో ఉంది. "తల్లివి, నువ్వే పోయి తే. అట్లనే పెండ్లి ముందురోజు పూజకు రమ్మని చెప్పి రా. ఏం పూజనో చెప్పకు," అంది ప్రమోదిని.

మంచిర్యాల దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి. ఇల్లు చర్చి వెనక వాడలో. తలుపు తీసే ఉంది. నవనీత తొంగిచూసి గడపలోనే ఆగిపోయింది.

వాకిట్లో వేపచెట్టు నీడన పీట వేసి ఉంది. దాని మీద ఆటో నడిపే ఖాకీ చొక్కాతో ఒక యువకుడు కూర్చొని ఇత్తడి తాంబాళంలో కాళ్లు పెట్టాడు. ఎదురుగా గొంతుక్కూర్చున్న నడివయసు మనిషి ఆ కాళ్లు కడుగుతున్నాడు. పక్కన ఒకామె కొంగు నడుముకు చెక్కి, చెంబు వంచి నీళ్లు పోస్తోంది.

"సన్నగ పొయ్యి బుచ్చవ్వా! గట్ల గుమ్మరిస్తె అల్లుని పంచె తడుస్తది."

"నీళ్ల సంగతి నాకు తెల్సు. నువ్వు రుద్దుడు చూడు, బర్రెను కడిగినట్టు కడుగుతున్నవ్."

"బాపూ, గిలిగింతలు పెట్టకు. పెండ్లికొడుకు నవ్వితె మర్యాద గాదు," అన్నాడు యువకుడు. అతను స్తుతి తమ్ముడు బెంజమిన్.

బుచ్చవ్వ తల ఎత్తి గడపలో మనిషిని చూసింది. సిగ్గుతో చెంబు వెనక్కి దాచుకుంది. "అయ్యో, విద్యాధర్ సార్ అత్తమ్మనా? బిడ్డ ఫోటోల చూపెట్టింది. దొరసానీ, ఎప్పుడొచ్చిండ్రు? కూసోండ్రి, కూసోండ్రి."

"ఏం జేస్తుండ్రు?" అడిగింది నవనీత.

"ఏం లేదు దొరసానీ. మీ పద్ధతిల పిల్ల అవ్వ నీళ్లు పోస్తదట, బాపు అల్లుని కాళ్లు కడుగుతడట. బిడ్డ పూణె నుంచి ఎవరిదో పెండ్లి వీడియో పంపింది. మాకు గా తంతు లేదు. తప్పు పోతె మందిల బిడ్డకు నామోషి అయితది. గందుకే రోజు పని నుంచి వచ్చినంక గిట్ల నేర్చుకుంటున్నం."

ఏదో ఒకటి అనాలి కాబట్టి నవనీత అంది. "మీరు క్రైస్తవులు గదా. అల్లుని కాళ్లు కడుగుడు మీకు తక్కువ అనిపించదా?"

అబ్రహాం తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. "మా ప్రభువు సిలువెక్కే ముందట తన శిష్యుల కాళ్లు కడిగిండమ్మా. పెద్దోడు చిన్నోని కాళ్లు కడుగుడు మాకు చిన్నప్పటి సంది తెలిసిన పాఠమే. మీ తంతు అనుకొని మొదలువెట్టినం. చూస్తే మాది గూడ."

బుచ్చవ్వ లోపలికి తీసుకుపోయింది. రేకుపెట్టె తీసి కొలత జాకెట్టు వెతుకుతూ, దాని అడుగున ఉన్న చిన్న పసిపిల్ల గౌను బయటికి తీసింది. మాసి రంగు పోయింది.

"స్తుతికి గిది తొడిగి మిరపచేన్లకు తీసుకపోయేదాన్ని దొరసానీ. కాయ ఏరితె చేతులు మండుతయ్ గదా. గా చేతులతోని ముట్టుకుంటె బిడ్డ మొకం, కండ్లు మండి ఏడ్చేది. ఎంత కడిగినా ఘాటు పోకపోయేది. గందుకని గిట్ల ఎత్తుకునేదాన్ని." ఆమె రెండు అరచేతులూ బయటికి తిప్పి, మోచేతుల మధ్య గాలిని పొదివి పట్టుకొని చూపింది. "అరచేతులతోని ముట్టకుంటనే పెంచిన. మిరప పంట అయిపోయినంక ఎత్తుకుంటె, కొత్తగ పుట్టినట్టుండేది."

ఆ వంచిన మోచేతుల మధ్యకు నవనీత చూడలేకపోయింది.

మూలన చిన్న మూట ఉంది. "గవి ఒడిబియ్యం," అంది బుచ్చవ్వ. "మా వాళ్లల్ల గూడ పోస్తరు. తాతల కాలం నుంచి ఉన్నదే, చర్చికి పోయినంత మాత్రాన ఒడి ఊకుంటదా? పసుపు నేనే దంచిన." తర్వాత జంకుతూ అడిగింది. "గా రోజు నీళ్లు పోసేటప్పుడు జర నా పక్క నిలబడుండ్రి దొరసానీ. చెయ్యి వణికితె చెప్పుండ్రి."

"దొరసాని అనకు. వదినె అను," అంది నవనీత.

"నోరు తిరుగది," అని బుచ్చవ్వ నవ్వింది.

పూజకు రమ్మని మాత్రం చెప్పి, దత్తత సంగతి చెప్పకుండానే నవనీత వెనుదిరిగింది. బస్సులో దారి పొడుగునా జాకెట్టు ఒడిలో పెట్టుకొని కూర్చుంది. ముట్టుకోవడానికి కూడా భయపడిన చేతుల నుంచి బిడ్డను లాక్కోవడానికి, ఒక పట్టుచీర తీసుకొని తాను ఒప్పుకొని వచ్చింది!

ఇంటికి రాగానే భర్త వంశీధర్‌రావుతో అంది. "మనం గీ పని చెయ్యొద్దు."

ఆయన పేపర్ మడిచాడు. "పరేషాన్ గాకు. ఎన్నడన్న నా చెల్లె నీకు గింత గౌరవం ఇచ్చిందా? ఇచ్చిన నాడు వద్దంటవేంది?"

"గౌరవం ఇచ్చింది గౌరవానికి గాదు, అవసరానికి. ఇన్నేండ్లు పసుపు ముట్టనియ్యని చేతికి, ఇయ్యాల ఇంకొకామె బిడ్డను దొంగిలించే పని ఇచ్చింది."

"ఒక్క రోజు ముచ్చటనే," అన్నాడాయన. ఆయన చెడ్డవాడు కాదు. ఒక్క రోజు ముచ్చటని చెప్పి మంచివాళ్లే ఇట్లాంటివన్నీ జరగనిస్తారు.

నవనీత పూణెకు ఫోన్ చేసింది. విద్యాధర్‌కు అంతా తెలుసు!

"స్తుతికి సగమే చెప్పిన అత్తమ్మా. గోత్రం కోసం చిన్న తంతు అన్న. ఏం జెయ్యాలె? లేకుంటె అమ్మ పెండ్లికే రానంటుంది. పెండ్లయినంక మేము పూణె వచ్చేస్తం, అంతా మరిచిపోతరు."

"ఎవరు మరిచిపోతరురా? బుచ్చవ్వనా?"

"మీటింగ్ ఉన్నది అత్తమ్మా," అని ఫోన్ పెట్టేశాడు.

ఇదీ మన చదువు. పెద్ద పట్నాల్లో పెద్ద కంపెనీల్లో, కులం మతం లేదని ఒకే బల్ల మీద అన్నం తింటారు. సొంత ఊరి పొలిమేరలో అడుగు పెట్టగానే ఆ ధైర్యం బస్సులోనే మరిచిపోయి దిగుతారు. ప్రేమించినప్పుడు గుర్తుకు రాని అమ్మానాన్నల పరువు, ప్రేమించిన పిల్ల అమ్మానాన్నల పరువు తీయాల్సి వచ్చినప్పుడు మాత్రం కొండంత అయి కూర్చుంటుంది.

పెండ్లి ముందురోజు రానే వచ్చింది. పిల్లలిద్దరూ పొద్దున పూణె నుంచి దిగారు. ప్రమోదిని ఇంటి హాల్లో ముగ్గు, పీటలు, కలశం. బంధువులు గోడల వెంట కుర్చీల్లో కూర్చున్నారు. ప్రమోదిని భర్త ఉపేందర్‌రావు వచ్చినవాళ్లకు మంచినీళ్లు అందిస్తున్నాడు. ఆ ఇంట్లో ఆయన ఎక్కువ మాట్లాడడు. అబ్రహాం ఇస్త్రీ మడత చెదరని తెల్లచొక్కాతో కొడుకు బెంజమిన్ ఆటోలో వచ్చాడు. బుచ్చవ్వ చేతిసంచిలో తన చెంబు తెచ్చుకుంది, చెయ్యి అలవాటు పడిన చెంబైతే తప్పు పోదని.

వచ్చిన పంతులు ముసలాయన. మంత్రం చదివి, దాని అర్థం చెప్పి, ఆపైన మరో మంత్రానికి పోయే మనిషి. ప్రమోదిని ఆయన దగ్గరికి పోయి మెల్లగా అంది. "అయ్యగారూ, వాళ్లకు అన్నీ తెల్సు. అర్థాలు చెప్పుకుంట కూసుంటె టైం మించిపోతది."

వద్దన్న మాట ఎవరూ వినకపోయేసరికి, ఎదురు తిరిగే ధైర్యం చాలక నవనీత కూడా వచ్చింది; ఆమె, వంశీధర్‌రావు పీటల మీద కూర్చున్నారు. వాళ్ల ముందు స్తుతి. ఎదురుగా అబ్రహాం, బుచ్చవ్వ. మంత్రాలు చకచకా సాగాయి.

"అమ్మా, గీమె చేతిల నీళ్లు వదలండి," అన్నాడు పంతులు.

నవనీత దోసిలి పట్టింది. బుచ్చవ్వ తన చెంబు వంచింది. దారం లాంటి సన్నని ధార. తలవంచి, నవనీతకు మాత్రమే వినబడేట్టు అడిగింది. "వణుకుత లేదు గదా?"

నవనీత చేతులు వెనక్కి లాక్కుంది. నీళ్లు ముగ్గు మీద పడ్డాయి.

"అయ్యగారూ, ఆగుండ్రి. గిప్పుడు చదివిన మంత్రానికి తెలుగుల అర్థం చెప్పుండ్రి."

"వదినె!" ప్రమోదిని ముందుకు వచ్చింది. "ముహూర్తం..."

"ముహూర్తం ఎటు పోదు. చెప్పుండ్రి అయ్యగారూ."

పంతులు ప్రమోదిని వైపు చూశాడు, తర్వాత బుచ్చవ్వ వైపు చూశాడు. ఆమె ముఖంలో ఏమీ తెలియనితనం ఆయనకు అర్థమైనట్టుంది.

"గీ నీళ్లతోని మీ బిడ్డను మీరు వీళ్లకు ఇచ్చేసినట్టమ్మా. ఇగ పిల్ల గోత్రం వీళ్లది. పేరు వీళ్లు పెట్టినది. రేపు పీటల మీద తల్లిదండ్రులు వీళ్లే. మీకు ఎరుకనే అన్నరు గదా?"

బుచ్చవ్వ చేతిలోని చెంబు వైపు చూసుకుంది.

"రేపు కాళ్లకు నీళ్లు పోసేది నేను గాదా?"

ఆమె అడిగింది ఆ ఒక్క మాటే. స్తుతి పీట మీద నుంచి లేచి విద్యాధర్ వైపు తిరిగింది. "గోత్రం ముచ్చట ఒక్కటే అన్నవ్ గదా?" అతను నేల చూశాడు.

"ఏం చెయ్యమంటరు నన్ను?" ప్రమోదిని గొంతు పెంచింది, కళ్లలో నీళ్లు కూడా తెచ్చుకుంది. "కొడుకు కోసం ఒప్పుకున్న. మందిల తలెత్తుకొని తిరగాలె గదా! వాళ్ల చేతి నీళ్లు..."

"ఆగు ప్రమోదా," అంది నవనీత. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినబడలేదు. "బిడ్డను వదులుకునే నీళ్లు గీ చేతితోనే గదా పోయించినవ్? ఇచ్చుకునేటప్పుడు పనికొచ్చిన చెయ్యి, కాళ్లు కడిగేటప్పుడు మైల అయితదా? నా చెయ్యి సంగతి గూడ చెప్పు. పిల్లలు లేనిదాన్నని నీ కొడుకు పుట్టువెంట్రుకల నాడు నన్ను సత్రంల కూసోపెట్టినవ్. ఇయ్యాల నేను తల్లినెట్లయిన? నీకు అక్కర పడ్డనాడు గొడ్రాలు తల్లి అయితది, కన్నతల్లి చుట్టం అయితది. శుభం, అశుభం నీ కొంగు ముడిల కట్టుకొని తిరుగుతున్నవా?"

తర్వాత స్తుతి వైపు తిరిగింది. "నీకు రచన అని పేరు పెట్టుకున్న బిడ్డా. తప్పు నాది గూడ. నా రచన పుట్టలే. నువ్వు స్తుతివి, బుచ్చవ్వ బిడ్డవు. నా ఒడి ఖాళీనే, నిజం. ఇంకొక తల్లి ఒడి ఖాళీ చేసి నింపుకుంటె గది నిండది."

పంతులు పుస్తకం మూశాడు. "ఇచ్చేవాళ్లకు ఎరుకయి ఇస్తే దత్తత. ఎరుక లేకుంట ఇప్పిస్తే దానికి వేరే పేరున్నది. గా పేరు నా నోట అనిపించకుండ్రి," అని లేచి నిలబడ్డాడు.

అబ్రహాం నెమ్మదిగా చెప్పులు వెతుక్కున్నాడు. "అల్లుని కాళ్లు కడుగుడు మాకు తక్కువ గాదమ్మా," అన్నాడు ప్రమోదినితో. "కడుగుదామనే వచ్చినం. కానీ మా బిడ్డను మా బిడ్డ గాదనిపించుకొని గీ ఇంట్ల అన్నం తినుడు మాత్రం మాతోని గాదు." భార్య చేతిలో చెంబు తీసుకొని సంచిలో పెట్టాడు. బెంజమిన్ బయట ఆటో స్టార్ట్ చేశాడు. స్తుతి వెనక్కి చూడకుండా తల్లి పక్కన ఎక్కి కూర్చుంది.

విద్యాధర్ ఇంకా నేలనే చూస్తున్నాడు.

"ఏందిరా?" అంది నవనీత. "నోరు పూణెల మరిచిపోయి వచ్చినవా? పిల్ల నచ్చింది, ఆ పిల్లను మోచేతులతోని ఎత్తుకొని పెంచిన అవ్వ నచ్చలేదా? మా ఇంట్ల అన్నం తిని పెరిగినవ్. గా అన్నంల ఉప్పు వెయ్యడం మరిచిపోయిన్నేమో నేను."

అతను తల ఎత్తాడు. తల్లిని చూశాడు, గోడ వెంట కుర్చీల్లో కూర్చున్న బంధువులను చూశాడు. ఆ తర్వాత చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు. ఎండకు కాలిన రోడ్డు మీద ఆటో వెంట మలుపు దాకా పోయాడు. ఆటో ఆగింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నవనీతకు వినబడలేదు. చాలాసేపు స్తుతి తల అడ్డంగా ఊపడం మాత్రం కనబడింది. ఊపడమే న్యాయం. సగం నిజం చెప్పినవాడిని ఒక్క పరుగుకే క్షమిస్తే ఆ పరుగుకు విలువేముంది? చివరికి అబ్రహాం దిగి, తన చెప్పులు విడిచి అతని ముందు పెట్టాడు.

పెండ్లి మరునాడే అయింది. ఫంక్షన్ హాల్లో కాదు, చెన్నూరులో ఆ వేపచెట్టు వాకిట్లో. పాస్టరు ప్రార్థన చేశాడు. ముసలి పంతులు పిలవకుండానే బస్సెక్కి వచ్చి, మంత్రం చదివి, ప్రతి మంత్రానికీ అర్థం చెప్పాడు. వంశీధర్‌రావు పొద్దున దాకా గొణిగాడు కానీ, మేనమామ లేని పెండ్లేంటని తనకు తానే చెప్పుకొని బయలుదేరాడు. ఉపేందర్‌రావు ఆలస్యంగా, ఒక్కడే వచ్చి పందిరి గుంజ దగ్గర నిలబడ్డాడు. ప్రమోదిని రాలేదు. ఆమె ఇప్పటికీ ఆ ఇంటి గడప తొక్కలేదు. మనుషులంతా ఒక్క రోజులో మారతారని చెప్పి మిమ్మల్ని మోసం చేయలేను.

పీట మీద విద్యాధర్ కూర్చున్నాడు. అబ్రహాం తాంబాళం జరిపాడు. విద్యాధర్ మామ చెయ్యి పట్టుకొని, "మొదలు నేను," అన్నాడు. చెంబు తీసుకొని అబ్రహాం కాళ్ల మీద, బుచ్చవ్వ కాళ్ల మీద నీళ్లు పోశాడు. అనుభవం లేదు కదా, గుమ్మరించాడు.

"సన్నగ బావా, సన్నగ!" అన్నాడు బెంజమిన్. పందిరంతా నవ్వింది. ఆ తర్వాత బుచ్చవ్వ చెంబు అందుకుంది. ధార దారంలా పడింది. చెయ్యి వణకలేదు. ఆమె అడిగినట్టే నవనీత పక్కనే నిలబడింది.

సాయంత్రం అప్పగింతలు. స్తుతి కొంగు పట్టింది. బుచ్చవ్వ పసుపు బియ్యం పళ్లెం తెచ్చి, ఆడవాళ్ల గుంపులోకి చూసింది. నవనీత అలవాటు ప్రకారం అప్పటికే వంటల దిక్కు నడుస్తోంది.

"వదినె! ఎటు పోతున్నవ్? రా. మొదటి దోసిలి నీది."

గుంపులోంచి బుచ్చవ్వ చిన్నమ్మ, ముసలి దేవవ్వ, చేతిలో జపమాలలా కొంగు నలుపుకుంటూ చెవి దగ్గర గొణిగింది. "బుచ్చవ్వా, గామెకు పిల్లల్లేరట గదనే. మొదటి దోసిలి..."

చూడండి, జబ్బు ఒక్క ఇంట్లోనే లేదు. గుడికి పోయే ఇంట్లో ఉంది, చర్చికి పోయే ఇంట్లోనూ ఉంది.

బుచ్చవ్వ పళ్లెం దించలేదు. "చిన్నమ్మా, నా బిడ్డ గామె చేతులకు వచ్చింది. ఉంచుకుంటె ఎవరడిగేటోల్లు? తిరిగి నా ఒడిల పెట్టింది. గంతకంటె మంచి చెయ్యి పిల్లల తల్లులల్ల ఎవరికున్నదో చూపెట్టు, గామెతోని పోయిస్త."

దేవవ్వ పక్కకు జరిగి దారి ఇచ్చింది. నవనీత బియ్యంలో చేతులు పెట్టింది. ఎన్నడూ ముట్టని పసుపు వేళ్ల సందుల్లోకి వచ్చింది. దోసిలి నింపి స్తుతి ఒడిలో పోసింది. ఒక్క గింజ కింద పడలేదు.

పెండ్లిళ్లకు సిద్ధమవుతున్న తల్లులారా, తండ్రులారా, దూరాన ఉండి 'మీరే చూసుకోండి' అంటున్న పిల్లలారా! కన్నతల్లిని పక్కకు నెట్టి చేసే ఏ దానమూ కన్యాదానం కాదు, కడుపు పండలేదని ఒక ఆడదాన్ని దూరం పెట్టే ఏ శుభమూ శుభం కాదు.